ఒట్టు వేశాను, అయినా ఆగలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది ఉద్దానంలో, పలాస దగ్గర ఒక ఊరు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. నాన్నకు కిడ్నీ జబ్బు, వారానికి రెండుసార్లు డయాలసిస్. అమ్మ జీడిపప్పు పనికి వెళ్తుంది. ఇంటర్ నుంచి మనసు తట్టుకోలేనప్పుడల్లా నా చేతుల్ని నేనే గాయపరచుకుంటున్నాను. చచ్చిపోవాలని కాదు. అలా చేస్తే లోపలి గోల కాసేపు ఆగుతుంది, ఆ తర్వాత సిగ్గుతో చచ్చిపోతాను. రూమ్మేట్ చూసి తన మీద ఒట్టు వేయించుకుంది. ఇరవై రోజులు ఆగాను, తర్వాత ఒట్టు తప్పాను. ఇప్పుడు తనకీ చెప్పడం లేదు. ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చుడీదారే వేసుకుంటున్నాను. ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసు అవుతుందా? ఇంట్లో చెప్పేస్తారా? పిచ్చాసుపత్రిలో వేసేస్తారా? టెక్కలిలో మా పిన్నితో నాకు చనువే, కానీ ఆమెకి చెప్తే అమ్మకి తెలిసిపోతుంది. ఎవరికి, ఏమని చెప్పాలి? డాక్టరుకి చేతులు చూపించాలా?

సమాధానం: అమ్మా, ముందు ఇవాళ్టి సంగతి చూద్దాం. నువ్వు ఉత్తరం రాసిన రోజుకీ ఇది చదువుతున్న రోజుకీ మధ్య ఎప్పుడైనా ‘ఇక బతకొద్దు’ అనిపించి ఉంటే మిగతాదంతా తర్వాత చదువుకో, ఇప్పుడు 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ లైను. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు. ముందు రికార్డు చేసిన గొంతు భాష అడుగుతుంది, తెలుగు ఎంచుకో. ఆ తర్వాత శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. లైను దొరక్కపోతే 1800-891-4416కి చెయ్యి. ఇప్పటికే ఏదైనా మింగి ఉన్నా, రక్తం ఆగకపోయినా మాటలకు సమయం లేదు. పక్కన ఉన్నవాళ్లను పిలిచి 108కి చెయ్యాలి.

ఇక నీ ఒట్టు సంగతి. నువ్వు ఒట్టు తప్పడం నీ బలహీనత కాదు. ఇలాంటి ఒట్లు నిలవవని మానసిక వైద్యంలో బాగా తెలిసిన విషయమే. ‘ఇంకెప్పుడూ చేసుకోను’ అని రోగి చేత కాగితం మీద సంతకం పెట్టించుకునే పద్ధతి ఒకప్పుడు చాలాచోట్ల ఉండేది. దానివల్ల ప్రాణాలు నిలుస్తాయని రుజువు కాలేదు, ఇప్పుడు దాని మీద ఆధారపడవద్దనే వైద్యులు చెబుతున్నారు. ఎందుకు పనిచెయ్యదో నీ ఉత్తరంలోనే ఉంది. లోపల గోల పుట్టినప్పుడు దాన్ని తగ్గించడానికి నీ చేతిలో ఉన్నది ఒక్కటే దారి. ఒట్టు ఆ దారి మూసేసింది, వేరే దారి చూపించలేదు. తప్పిన రోజున గాయంతోపాటు నమ్మకద్రోహం చేశానన్న బాధ కూడా మీద పడింది. అప్పటిదాకా తెలిసిన ఒక్క మనిషీ దూరమైంది. నీ స్నేహితురాలు ప్రేమతోనే చేసింది, కానీ ఆ ఒట్టుతో నువ్వు ఒంటరివయ్యావు.

అందుకే మేం నిన్ను మానెయ్యమని మొదట అడగం. దాచడం ఆపమని అడుగుతాం. మానడం దాని వెనక వస్తుంది, నిదానంగా వస్తుంది.

ఇది ఎలా పట్టుకుంటుందో తెలిస్తే సిగ్గు కొంత తగ్గుతుంది. భరించలేని కోపమో, దిగులో, ఏమీ అనిపించని మొద్దుతనమో వచ్చినప్పుడు శరీరానికి కలిగే నొప్పి దృష్టిని ఒక్కసారిగా లాగేసి, కొన్ని నిమిషాలు ఉపశమనం ఇస్తుంది. మెదడు ఆ ఉపశమనాన్ని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత సిగ్గు వస్తుంది, సిగ్గు వల్ల దాపరికం, దాపరికం వల్ల ఒంటరితనం, ఒంటరితనంలో మళ్లీ అదే గోల. ‘నలుగురి కళ్లలో పడటానికి చేస్తుంది’ అని ఎవరైనా అంటే, మే నెల ఎండలో ఫుల్ చేతులు వేసుకునే పిల్ల ఎవరి కళ్లలో పడాలనుకుంటుందో వాళ్లే ఆలోచించుకోవాలి. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. చనిపోవాలని కాకపోయినా, ఇలా గాయపరచుకునేవాళ్లలో ముందు ముందు ఆత్మహత్య ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. ‘చచ్చిపోవాలని కాదు కదా, డాక్టరు దాకా ఎందుకు’ అనుకోవద్దనేది అందుకే.

నీ భయాలు ఒక్కొక్కటీ చూద్దాం. పోలీసు కేసు భయం మన జిల్లాల్లో ఎంత గట్టిగా ఉందంటే, ఆ భయంతోనే ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. పాత శిక్షాస్మృతిలో 309 సెక్షన్ ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసేది. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, ఆ నేరం కింద విచారించకూడదు, శిక్షించకూడదు. పైగా ఆ మనిషికి వైద్యం, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికో ఒత్తిడి పెట్టడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రమే వర్తించే సెక్షన్ ఒకటి ఉంది, నీ సంగతికి దానికి సంబంధం లేదు. నువ్వు చేసుకుంటున్నది ఆత్మహత్యాయత్నం కూడా కాదు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకో. తాజా గాయంతో క్యాజువాలిటీకి వెళ్తే ‘ఎం.ఎల్.సి.’ (మెడికో లీగల్ కేసు) అని రిజిస్టరులో రాసి, పోలీసు అవుట్‌పోస్టుకు కబురు పంపవచ్చు. ఒక కానిస్టేబులు వచ్చి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. అది నీ మీద కేసు కాదు, గాయం ఎలా అయిందో రాసుకునే నమోదు. ‘నేనే చేసుకున్నాను, ఎవరూ చెయ్యలేదు, వైద్యం కోసం వచ్చాను’ అని ఉన్నదున్నట్టు చెప్పు. జారిపడ్డానని అబద్ధం చెబితే గాయానికి కుట్లు పడతాయి, అసలు దానికి వైద్యం అందదు. మామూలు రోజున ఓపీకి వెళ్లి డాక్టరుతో మాట్లాడితే ఈ తతంగం సాధారణంగా ఉండదు.

ఇంట్లో చెప్పేస్తారా అన్నావు. నీకు 18 దాటాయి. అదే చట్టంలో 23వ సెక్షన్ నీ వైద్య వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది. ప్రాణానికి ముప్పు కనిపించినప్పుడు, మరొకరికి హాని జరగబోతున్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు ఇలా కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డాక్టరును మొదట్లోనే అడిగెయ్యి: ‘నేను చెప్పేది ఇంట్లో ఎప్పుడు చెప్తారు, ఎప్పుడు చెప్పరు?’ ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నీ తరఫున మాట్లాడే ప్రతినిధిగా నీకు నచ్చిన పెద్దవాళ్లను నువ్వే నియమించుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి నువ్వు సంతకం పెడితే సరిపోతుంది, వాళ్ల ఒప్పుదల ఉండాలి. నాన్న ఆరోగ్యం ఇలా ఉన్న సమయంలో ఆ పేరు మీ పిన్నిది కావచ్చు.

పిచ్చాసుపత్రి మాటకొస్తే, మన వైపు ఆ మాట అనగానే విశాఖపట్నం చినవాల్తేరు గుర్తొస్తుంది. అక్కడున్నది ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేసేవాళ్లూ ఉంటారు. నీకు అంత దూరం అక్కర్లేదు. ఇలాంటి ఇబ్బందితో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి వైద్యం ఓపీలోనే జరుగుతుంది. ప్రాణానికి దగ్గరి ముప్పు ఉందనిపిస్తే కొన్ని రోజులు చేరమంటారు, నీ ఒప్పుదలతో చేరడమే అందులో మొదటి దారి. నీ ఒప్పుదల లేకుండా చేర్చాలంటే ఇంట్లోవాళ్లు అడిగితే చాలదు, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. మొదట 30 రోజులకు మించి ఉంచడానికీ వీల్లేదు. గొలుసులతో కట్టడం ఎక్కడైనా నిషేధం.

ఇప్పుడు ఎవరికి చెప్పాలన్నది. పిన్నికే చెప్పు. ఆమెకి చెప్తే అమ్మకి తెలుస్తుందన్న భయం నిజమే, కాబట్టి ఆ సంగతి కూడా మొదటి మాటలోనే పెట్టు. ఫోన్ కంటే ఎదురుగా మేలు. బస్సు ఎక్కి టెక్కలి వెళ్లు, ఇంట్లో వంట హడావుడి లేని వేళ చూసుకో. మాట గొంతులో ఆగిపోతే ముందే ఫోన్లో టైపు చేసి పెట్టుకుని, ఆమె చేతికిచ్చి చదవమను. ఇంత చాలు: ‘పిన్నీ, మనసు తట్టుకోలేనప్పుడు నన్ను నేను గాయపరచుకుంటున్నాను. ఇంటర్ నుంచి జరుగుతోంది. చచ్చిపోవాలని కాదు, కానీ ఆపుకోలేకపోతున్నాను. నాకు డాక్టరు కావాలి, నువ్వు తోడు రావాలి. అమ్మకి ఎప్పుడు చెప్పాలో ఇద్దరం కలిసి అనుకుందాం.’ ఎలా చేసుకున్నావో, దేనితో చేసుకున్నావో చెప్పక్కర్లేదు. అడిగితే ‘అది డాక్టరుకి చెప్తాను’ అను.

మొదటి పది నిమిషాలు పిన్ని సరిగ్గా మాట్లాడకపోవచ్చు. ఏడుస్తుంది, ‘ఏటే ఈ పని, నీకేటి తక్కువ సేసినాం’ అంటుంది, దిష్టి తగిలిందనో గాలి సోకిందనో అంటుంది, ‘నా మీద ఒట్టెయ్యి’ అంటుంది. అది భయంలోంచి వచ్చే మాటే. వాదించకు. ‘ఒట్టు వేస్తే మళ్లీ నీ దగ్గర కూడా దాచాల్సి వస్తుంది పిన్నీ. ఒట్టుకి బదులు, అనిపించినప్పుడు నీకు ఫోన్ చేస్తాను’ అని చెప్పు. గుడికి వెళ్దామంటే వెళ్లు, కానీ ఓపీకి వెళ్లే రోజు కూడా అక్కడే ఖాయం చేసుకో. పిన్నితో కుదరకపోతే అక్కడితో వదిలెయ్యకు. రెండో మనిషి పేరు ఇప్పుడే రాసిపెట్టుకో: కాలేజీలో ఒక మేడమ్, ఊళ్లో తెలిసిన ఏఎన్‌ఎం, ఎవరైనా. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, మీ కాలేజీలో ఎవరున్నారో అడుగు.

రూమ్మేట్‌కి కూడా ఒక మాట బాకీ ఉన్నావు. ‘ఒట్టు తప్పాను. నీ మీద ప్రేమ లేక కాదు. ఇంకోసారి ఒట్టు అడక్కు, రాత్రి నేను లేపితే లేచి కూర్చో చాలు.’ ఆ పిల్ల నీకు డాక్టరు కాలేదు, కానక్కర్లేదు కూడా.

ఆసుపత్రి అంటే నీకు నాన్న డయాలసిస్సే గుర్తొస్తుందని మాకు తెలుసు. ఇది అంత ఖర్చుతో కూడుకున్నది కాదు. శ్రీకాకుళంలో నీకు దగ్గరిది రిమ్స్, అంటే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. విజయనగరం వైపు ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. సెలవు కాని రోజున పొద్దున్నే వెళ్లు, ఆధార్ కార్డు పట్టుకెళ్లు, ఓపీ చీటీ దగ్గర ‘సైకియాట్రీ’ అని అడుగు. ‘మెంటల్ డాక్టరు’ అని గట్టిగా చెప్పాల్సిన పని లేదు. వరుస ఉంటుంది, సగం పూట పోతుందని అనుకునే వెళ్లాలి.

అక్కడ పొరపాటు జరిగేది ఒకచోట. రద్దీలో డాక్టరు నీకు ఐదు పది నిమిషాలే ఇవ్వగలరు. చాలామంది ఆ ఐదు నిమిషాల్లో ‘నిద్ర పట్టడం లేదు, తలనొప్పి’ అని మొదలుపెడతారు. అసలు సంగతి నాలుక చివర ఉండగానే నిద్రమాత్రల చీటీ చేతిలో పడుతుంది. మొదటి వాక్యమే అసలు వాక్యం కావాలి. కాగితం మీద రాసుకెళ్లు: ఎన్నాళ్లుగా జరుగుతోంది, నెలలో సుమారు ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు, చనిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా, నిద్ర, తిండి, నెలసరి ముందు ఎక్కువవుతుందా, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు లేదా మద్యం అలవాటు ఉందా, చిన్నప్పుడు ఎవరైనా చెడుగా ప్రవర్తించారా. చివరిది నోటితో చెప్పలేకపోతే రాసి ఇవ్వు. పిన్నిని కాసేపు బయట కూర్చోమని చెప్పమని డాక్టరును అడిగే హక్కు నీకుంది. చావు గురించి ఆయన సూటిగా అడుగుతారు. కంగారుపడకు, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ.

గాయపరచుకోవడాన్ని ఆపే మాత్ర అంటూ లేదు. దిగులు జబ్బో ఆందోళనో ఉందని తేలితే దానికి మందు రాస్తారు. ఆ మందు పనిచెయ్యడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వారం వాడి ‘ఏమీ లేదు’ అని మానేసేవాళ్లూ ఉంటారు. నీ వయసువాళ్లలో మొదటి వారాల్లో అరుదుగా అసహనం, చనిపోవాలన్న ఆలోచనలు పెరగవచ్చు. అలా అయితే రెండోసారి రమ్మన్న తేదీ దాకా ఆగకుండా వెళ్లాలి. బాగుందని చెప్పకుండా మానెయ్యడం కూడా తప్పే, తగ్గాక మరో ఆరు నెలలైనా వాడమంటారు. మాత్రలు వారానికి సరిపడా నీ దగ్గర, మిగతావి రూమ్మేట్ దగ్గరో పిన్ని దగ్గరో ఉండాలి.

అసలు పని చేసేది మాట్లాడే వైద్యం. సీబీటీ (ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పేది), డీబీటీ అని వింటావు. డీబీటీ సరిగ్గా ఇలాంటి ఇబ్బంది కోసమే పుట్టింది, గోల పుట్టినప్పుడు గాయం లేకుండా దాటే పనులను నేర్పుతుంది. పూర్తి కార్యక్రమం ఆరు నెలల నుంచి ఏడాది నడుస్తుంది. మన జిల్లాల్లో అంత శిక్షణ ఉన్నవాళ్లు తక్కువ. కాబట్టి ‘క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా, ఏ రోజుల్లో కూర్చుంటారు’ అని డాక్టరునే అడుగు, ఆ మధ్య వారాలు టెలిమానస్‌తో మాట్లాడుతూ ఉండు. బయట ఎవరి దగ్గరికైనా వెళ్తే వాళ్లకు క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగాలి. మూడు సిట్టింగుల్లో మాన్పిస్తామనేవాళ్ల గడప తొక్కకు.

ఆ లోపల రాత్రుళ్లు ఎలా గడవాలి? ఆ కోరిక పాలపొంగు లాంటిది. పైకి వస్తున్నప్పుడు ఇక ఆగదనిపిస్తుంది, కానీ మంట తగ్గించి నాలుగు చుక్కల నీళ్లు చల్లితే దిగుతుంది. చాలామందికి పావుగంట నుంచి అరగంటలో తీవ్రత తగ్గుతుంది. ఆ అరగంటకు పనులు ముందే రాసి తలుపు వెనక అంటించుకో, ఆ వేళ బుర్ర పనిచెయ్యదు. ముందు గదిలోంచి బయటికి రా, మనుషులున్న చోటికి. ముఖాన్ని చల్లటి నీళ్లతో అరనిమిషం తడిపి ఉంచు, రెండు మూడుసార్లు. గుండె వేగం తగ్గుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇది చెయ్యకూడదు. తర్వాత మెట్లు ఎక్కిదిగు, లేదా బకెట్టులో బట్టలు నానేసి ఉతుకు. ఊపిరి లోపలికి నాలుగు లెక్కపెట్టి, బయటికి ఆరు లెక్కపెట్టి వదులు. రబ్బరు బ్యాండుతో కొట్టుకోమని కొందరు సలహా ఇస్తారు, మేం వద్దంటాం. అది కూడా నొప్పితోనే ఊరట వెతకడం. అరగంట దాటినా తగ్గకపోతే రూమ్మేట్‌ని లేపు, తర్వాత 14416.

ఇంకో పని పగలే చెయ్యాలి. నువ్వు వాడే వస్తువు నీ గదిలో ఉండకూడదు, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు రూమ్మేట్ చేతికిచ్చెయ్యి. చేతికందే దూరం పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు నాన్న మాత్రల పెట్టె, జీడితోట పురుగుమందు తాళంలో ఉండాలి, తాళంచెవి పిన్ని చెప్పి అమ్మ దగ్గర పెట్టించాలి. ఇది చదువుతున్న ప్రతి ఇంటికీ ఈ మాట వర్తిస్తుంది. ఎవరైనా ఏదైనా మింగారని తెలిస్తే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బాగానే ఉన్నాడు కదా అని చూస్తూ కూర్చోవద్దు. డబ్బా లేదా స్ట్రిప్పు పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక నోటుబుక్కులో రెండు వారాలు రాసి చూడు: కోరిక ఎప్పుడు పుట్టింది, దానికి ముందు గంటలో ఏం జరిగింది, తిన్నావా, ముందురాత్రి ఎన్ని గంటలు పడుకున్నావు, ఎలా దాటింది. గాయం వివరాలు రాయకు. ఇంటి నుంచి ఫోన్ వచ్చిన రాత్రులే ఎక్కువని తేలితే, ఆ ఫోన్ పగలు మాట్లాడుకునేలా మార్చుకోవచ్చు. మధ్యలో మళ్లీ ఒకసారి జరిగితే మొదటికొచ్చిందని అనుకోకు, ఆ రోజు కూడా రాసి డాక్టరుకి చూపించు.

గాయం అయి ఉంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు మధ్యలో తియ్యకుండా అదిమిపట్టు, తర్వాత కుళాయి నీళ్లతో కడుగు. పసుపు, కాఫీపొడి వెయ్యొద్దు. పది నిమిషాలకీ రక్తం ఆగకపోయినా, అంచులు విచ్చుకున్నా, వేళ్లు మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కుట్లు ఆలస్యం కాకూడదు. బడిలో పదహారేళ్లకు వేసే టీడీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్ వేయించుకున్నావో లేదో అమ్మని అడిగి, ఆ మాట నర్సుకు చెప్పు. పాత మచ్చలు నెలల మీద పలచబడతాయి. గాయం పూర్తిగా మానాక సిలికాన్ జెల్ రెండు మూడు నెలలు రాస్తే కొంత మేలు, చర్మ వైద్యులు ఇంకా చెప్పగలరు.

చేతులు చూపించాలా అని చివర్లో అడిగావు. ఒక్కసారి చూపించు. గాయం లోతు, చీము ఉందా లేదా అన్నది మాటల్లో తెలియదు. లేడీ డాక్టరు కావాలని ఓపీ దగ్గరే అడగవచ్చు, లేకపోతే నర్సు ఉండగా చూడమనవచ్చు. ఆ రోజు చేతులు వదులుగా ఉన్న డ్రెస్ వేసుకెళ్లు, పైకి మడవడం సులువవుతుంది.